ముప్పై ఏడో స్తంభం దగ్గర మా ఇల్లు

నా నోరు మంచిది కాదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అని లాభం లేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. నేను వినలేదు. విని ఉంటే ఇవాళ చెప్పుకోవడానికి ఈ కథ ఉండేది కాదు.

మా వీధి ఉన్న చోట ఇప్పుడు స్టేడియం ఉంది. నలభై వేలమంది పడతారు. నేను అందులో ఊడుస్తాను. మొత్తం పన్నెండుమందిమి, పని పంచేది నేనే. పన్నెండుమందిలో తొమ్మిదిమంది ఆ వీధివాళ్ళే. ఎవరి ఇంటి మీద కట్టిన మెట్లు వాళ్ళే తుడుచుకుంటున్నాం.

పనిలో చేరిన మొదటి రోజు సూపర్‌వైజర్ మా చేతిలో ఒక పటం పెట్టాడు. బ్లాకులు, వరసలు, స్తంభాల నంబర్లు. ఆ అబ్బాయి చేతిలో ఎప్పుడూ ఒక కాగితం ఉంటుంది, అందుకని అతనికి 'కాగితం' అని పేరు పెట్టాం. పటం మాకు గోడకు చెప్పినట్టే అయింది. అప్పుడు మేస్త్రీ మామ ముందుకొచ్చాడు. మా వీధిలో సగం ఇళ్ళు కట్టింది ఆయనే, ఆ ఇళ్ళు పడగొట్టాక ఈ స్టేడియానికి కాంక్రీటు మోసిందీ ఆయనే. కింది నడవాలో అంగలు వేసుకుంటూ నడిచాడు. "ఇదిగో ఇది పిండి మిల్లు. ఇది దర్జీ ఇల్లు. ఇది చేతి పంపు. ఇదిగో అమ్మాయ్, నిచ్చెనా, ఇది మీ గుమ్మం," అని ముప్పై ఏడో స్తంభం పక్కన ఆగాడు.

నిచ్చెన అంటే నేనే. అంత పొడుగున్నాను.

అప్పటినుంచి మా పని పంపకాలన్నీ ఇళ్ళ లెక్కనే. "ఇవాళ మిల్లు నువ్వు ఊడువు, పంపు దగ్గర నేను కడుగుతాను," అంటుంది దర్జీ వదిన. ఒకప్పుడు వీధి మొత్తానికి బట్టలు కుట్టిన ఆవిడ మొగుడు ఇప్పుడు గేటు బయట జెండాలు అమ్ముతున్నాడు. కాగితం మా మాటలు విని జుట్టు పీక్కుంటాడు. "ఏ వరస? ఏ నంబరు? మనుషుల భాషలో చెప్పండమ్మా!" అంటాడు. మేం చెప్పేది మనుషుల భాషే. మనుషులున్న చోటి భాష.

ఇక మా గుమ్మం సంగతి చెప్పాలి. మా నాన్న ఆ ద్వారబంధాన్ని ఎక్కడో పాత భవనం కూలుస్తుంటే తెచ్చాడు. నిలబెట్టాక చూస్తే పైకమ్మి మరీ కిందికి వచ్చింది. కొలత తప్పింది మేస్త్రీ మామ అని నాన్న, కర్ర తప్పు తెచ్చింది మీ నాన్నే అని మామ, ఇద్దరూ నాన్న పోయేదాకా పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఎవరొచ్చినా తల వంచి రావాల్సిందే. వంచనివాళ్ళకి నుదుటి మీద బొప్పి. "తల దించుకుని రండి, పోయేదేం లేదు," అని లోపల్నుంచి అమ్మ కేకేసేది.

నాకు తగిలినన్ని దెబ్బలు ఎవరికీ తగల్లేదు. పొడుగు ఒకటి, పొగరు ఒకటి. తగిలినప్పుడల్లా అమ్మ గుడ్డని నాలుగు మడతలు పెట్టి, నోటితో ఆవిరి ఊది, నుదుటి మీద అదిమేది. "చూసుకుని రావాలి కదే," అనేది. ప్రతిసారీ అదే మాట.

మా చెల్లి నాకంటే పదేళ్ళు చిన్నది. కొలిస్తే గిద్దెడు ఉండేది, అందుకే వీధంతా దాన్ని గిద్ద అనేవాళ్ళు. పెరిగి పెద్దయ్యాక కూడా కమ్మికీ దాని నెత్తికీ మధ్య జానెడు ఖాళీ మిగిలేది. అయినా వంగేది. "నీకెందుకే వంగడం? నీ నెత్తి మీద ఇంకో గిద్ద పడుతుంది," అని ఏడిపించేదాన్ని. "అందరూ వంగే చోట నేనొక్కదాన్నే నిటారుగా వెళ్తే, నేను ఈ ఇంటిదాన్ని కాదనుకుంటుంది కదా," అంది ఒకసారి. ఎవరు అనుకుంటారే అని అడిగితే, "ఇల్లు," అంది. అప్పటికి దానికి ఎనిమిదేళ్ళు.

ఆ గిద్దకి ఇరవై ఆరేళ్ళప్పుడు స్టేడియం సర్వే వచ్చింది. సర్వేవాళ్ళకి ఇళ్ళు కొలిచి రాసుకునే మనిషి కావాల్సి వచ్చింది, ఇది వెళ్ళి చేరింది. ఒక చేతిలో టేపు, ఇంకో చేతిలో ఎర్ర రంగు డబ్బా. తెల్లారేసరికి వీధిలో తలుపులన్నింటికీ నంబర్లు పడ్డాయి. మా తలుపు మీద కూడా దాని చేతి రాతే.

నేను అప్పటికి మొగుడింటి నుంచి వచ్చేసి అమ్మ దగ్గరే ఉంటున్నాను. నా నోటి వల్ల వచ్చానని వాళ్ళంటారు, వాళ్ళ చేతకానితనం వల్ల వచ్చానని నేనంటాను. ఆ ఇల్లు తప్ప నాకు వేరే దిక్కు లేదు. తలుపు మీద ఆ ఎర్ర అంకె చూడగానే ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం అది పని ముగించుకుని వచ్చేసరికి వీధి వీధంతా మా ఇంటి ముందు ఉంది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"కంచే చేను మేసినట్టు సొంత ఇంటికే గీత గీస్తావా? చచ్చినా ఈ గడప తొక్కకు!" అన్నాను.

అది ఏదో చెప్పబోయింది. చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు చూసింది. అందరూ నా వైపే ఉన్నారు, దర్జీ వదినతో సహా. "సరే అక్కా. తొక్కను," అంది. అంతే. వెనక్కి తిరిగి నడిచింది. అమ్మ దాని వెనక వీధి మొగ దాకా పరిగెత్తింది గానీ అది మిల్లు పక్కన మలుపు తిరిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత దాని జాడ లేదు.

ఆర్నెల్లకి జాబితా వచ్చింది. మా వీధిలో వీధి గుమ్మాలు అరవై. జాబితాలో ఇళ్ళు నూట నాలుగు. వెనక గదుల్లో, చావిళ్ళలో, మేడ మీది రేకుల కింద ఉన్నవాళ్ళందరికీ ఫ్లాట్లు వచ్చాయి. వీధిలోకి తెరుచుకునే తలుపుల్నే లెక్కపెట్టమని పైవాళ్ళు చెబితే, గిద్ద పొయ్యిల్ని లెక్కపెట్టింది. ఎన్ని పొయ్యిలుంటే అన్ని ఇళ్ళు అని రాసేసింది. వెనక పాకలో ఉండే మేస్త్రీ మామ ఆ కాగితం తెచ్చి అమ్మకి చూపించాడు. "మీ చిన్నది రాయకపోతే నేను రోడ్డు మీద ఉండేవాణ్ణి," అన్నాడు. నా మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

మాకు వచ్చిన ఫ్లాట్ రెండు బస్సులు మారితే గానీ రాని చోట, ఏడో అంతస్తులో. అక్కడి గుమ్మాలు ఎత్తైనవి. అమ్మ వాటి కింద కూడా వంగేది. లిఫ్ట్ ఎక్కేటప్పుడూ వంగేది, పక్కవాళ్ళు నవ్వేవాళ్ళు. "అది వస్తే ఇక్కడికి ఎలా వస్తుందే? దానికి తెలిసింది ఆ ఇల్లే కదా," అని కిటికీ దగ్గర కూర్చునేది. పోయే ముందు నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు మన పాత ఇల్లున్న చోటే ఉండు. అది వచ్చిన రోజు ఆ మాట వెనక్కి తీసుకో. 'చచ్చినా' అన్నావు చూడు, ముందు ఆ ముక్క తీసెయ్," అంది.

నాలుగేళ్ళయింది. అమ్మ పోయిన నెలకే నేను స్టేడియంలో ఊడ్చే పనిలో చేరాను. మాట వెనక్కి తీసుకోవడం తప్ప నాకు ఇంకే పనీ లేదు, కానీ తీసుకోవడానికి ఎదురుగా అది ఉండాలి కదా. నలభై వేలమందిలో ఏదో ఒక రోజు అది కూడా వస్తుందని ప్రతి మ్యాచ్‌కీ చీపురు పట్టుకుని ముప్పై ఏడో స్తంభం దగ్గర నిలబడతాను. మనసులో భయం ఒకటే. చచ్చినా అన్నాను. ఒకవేళ అది నిజంగానే చచ్చిపోయి ఉంటే, నా మాటకి కట్టుబడి ఆ రూపంలో కూడా రాలేకపోతోందేమో.

ఇలాంటి ఆలోచనలు ఆ చోట రావడానికి కారణం ఉంది. ఆ నడవా పైకప్పు మూడు నిలువుల ఎత్తు ఉంటుంది. మామ మా గుమ్మమని చూపించిన చోట పైన ఏమీ లేదు, వట్టి గాలి. అయినా పొడుగ్గా ఉన్నవాళ్ళు ఆ చోట ఉన్నట్టుండి ఆగి, నుదురు రుద్దుకుని, పైకి చూస్తారు. పక్కనే కూల్ డ్రింకుల కొట్టు నడిపే అతను నాతో ఎన్నోసార్లు అన్నాడు, "ఏమ్మా, ఇక్కడేదో ఉందమ్మా, నిన్న కూడా ఒకాయనకి తల బొప్పి కట్టింది," అని. కాగితం దగ్గర లెక్క కూడా ఉంది. వాళ్ళు స్తంభానికి గుద్దుకున్నారని రాసుకుని, స్తంభానికి మెత్తటి స్పాంజి చుట్టించాడు. "తాగి తూలేవాళ్ళకి ఏ స్తంభమైతేనేం," అని నేను కొట్టిపారేశాను. పైకి అలా అన్నాను గానీ, చూసేవాళ్ళు లేనప్పుడు ఆ చోట నేనూ వంగే నడుస్తాను. లోపల నేల ఒక మూల ఎంత తుడిచినా తడిగానే ఉంటుంది. అమ్మ అంట్లు తోముకునే మూల అది. ఏ పైపూ లేదని ప్లంబరు మూడుసార్లు చూసి చెప్పాడు. ఒక్కోసారి పొద్దున్నే జనం లేనప్పుడు తలుపు గొళ్ళెం తీసిన చప్పుడు వినిపిస్తుంది. నేను వెనక్కి తిరిగి చూడను. చూస్తే అక్కడ ఎవరూ ఉండరని భయం.

పోయిన ఆదివారం మధ్యాహ్నం పెద్ద మ్యాచ్. సీట్లు నిండాయి. పక్క వీధి ఒక్కటే పాతది మిగిలింది, మ్యాచ్ ఉన్న రోజు వాళ్ళు కిటికీలు బిగించుకుని కూర్చుంటారు, అంత హోరు. విరామంలో జనం ఒక్కసారిగా నడవాలోకి దిగారు. నేను స్తంభానికి ఎదురుగా గ్లాసులు ఎత్తుతున్నాను.

అప్పుడు చూశాను. ఒక పొట్టి మనిషి, బూడిద రంగు చొక్కా, భుజానికి సంచీ. అంత జనంలో ఆమె ఒక్కతే స్తంభం పక్కకి వచ్చి, తల వంచి, లోపలికి అడుగు పెట్టింది. అటు ఇటు చూసింది. తడిగా ఉండే ఆ మూల దగ్గర కాసేపు నిలబడింది. మళ్ళీ తల వంచి బయటికి వచ్చింది.

నా చేతిలో గ్లాసులన్నీ జారిపోయాయి. వంగాల్సిన అవసరమే లేని మనిషి, లేని కమ్మి కింద రెండుసార్లు వంగింది. మనిషో, మనిషి రూపమో అర్థం కాలేదు. "గిద్దా!" అని అరిచాను. అదే క్షణంలో మైకులో ఏదో పాట మోగింది, జనం కేరింతలు కొట్టారు, నా గొంతు నాకే వినపడలేదు. మా మధ్య రెండొందల మంది. తోసుకుని వెళ్ళేసరికి అక్కడ ఎవరూ లేరు.

వాకీటాకీ తీశాను.

"వదినా! మామా! గిద్ద వచ్చింది! మా ఇంట్లోంచి ఇప్పుడే బయటికి వెళ్ళింది! వీధి మొగ దగ్గర ఆపండి!"

"ఎవరు? ఏ గేటు? గేటు నంబరు చెప్పండమ్మా!" అని కాగితం అరుస్తున్నాడు. అతనికి జవాబు చెప్పే తీరిక ఎవరికుంది? మా వీధివాళ్ళు ఎనిమిదిమందీ ఎక్కడి చీపుళ్ళు అక్కడ పడేసి పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను. పంపు దాటి, దర్జీ ఇల్లు దాటి, మిల్లు పక్కన మలుపు తిరిగి వీధి మొగకి చేరాను.

అక్కడ గోడ ఉంది.

జనరేటర్ గదికి కట్టిన గోడ. దారి లేదు, తలుపు లేదు, కిటికీ కూడా లేదు. ఎనిమిదో గేటు నడవాకి అటు కొసన ఉంది. బయటికి పోయేవాళ్ళు ఎవరైనా అటే పోతారు. మేం తొమ్మిదిమంది రొప్పుకుంటూ ఆ గోడ ముందు నిలబడి మొహాలు చూసుకున్నాం. నాలుగేళ్ళుగా రోజూ తుడుస్తున్న గోడ అది. అయినా కాళ్ళకి పాత వీధే తెలిసింది.

"అయ్యో, నా మతి మండా! ఎంత పని చేశాను!" అని నెత్తి బాదుకున్నాను. గేటుకి పరిగెత్తి ఉంటే దొరికేది. ఈపాటికి బస్సు ఎక్కేసి ఉంటుంది. మళ్ళీ వస్తుందో రాదో. నాలుగేళ్ళు కాపలా కాసి, తీరా వచ్చిన రోజు గోడకి కాపలా కాశాను. అక్కడే నేల మీద కూలబడ్డాను.

మేస్త్రీ మామ నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఊపిరి అందుకుని అన్నాడు, "అమ్మాయ్, ఇంతమందిమి కళ్ళు మూసుకుని ఈ గోడ దగ్గరికే వచ్చాం కదా. అది మాత్రం ఏ వీధి పిల్ల?"

నాకు ఆ మాట ఎక్కడానికి కొంత సేపు పట్టింది. తల తిప్పేసరికి మిల్లు మలుపు దగ్గర బూడిద రంగు చొక్కా కనిపించింది. తల వంచుకుని, ఏవో అడుగులు లెక్కపెట్టుకుంటున్నట్టు నెమ్మదిగా మా వైపే వస్తోంది. దారిలో ఒక్కో ఇంటి దగ్గరా ఆగి చూసుకుంటూ వచ్చిందని తర్వాత చెప్పింది. టేపుతో కొలిచింది అదే కదా, ఏ ఇల్లు ఎక్కడో దానికి మామ కంటే బాగా తెలుసు. అందుకే మేం జనంలో దాన్ని చూడకుండానే దాటి ముందు వచ్చాం.

మమ్మల్ని చూసి ఆగిపోయింది. ఆ రోజు గుమ్మం ముందు నిలబడ్డ మొహాలే ఇవన్నీ. ఒక అడుగు వెనక్కి వేసింది.

"వెళ్ళకే!" అన్నాను. ఎన్ని రోజులుగా కూడబెట్టుకున్న మాటలు, ఒక్కటీ రాలేదు. నా నోరు పనికిరావాల్సిన ఒక్క రోజు పనికిరాకుండా పోయింది.

అదే ముందు మాట్లాడింది. చిన్నపిల్ల తప్పు దొరికిపోయినట్టు గబగబా చెప్పింది.

"నేను మాట తప్పలేదక్కా. గడప లేదు కదా ఇప్పుడు. అందుకే వచ్చా. ఇది మూడోసారి."

మూడోసారి! దర్జీ వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. మూడుసార్లు వచ్చి, ఎవరికీ కనపడకుండా, లేని ఇంట్లో నిలబడి వెళ్ళింది. గడప ఉన్నంత కాలం రాలేదు. దాన్ని పీకి పారేస్తే గానీ మా చెల్లి ఇంటికి రాలేకపోయింది.

"అమ్మ ఎలా ఉందక్కా?" అంది.

"లేదే. నాలుగేళ్ళయింది. ఆఖరిదాకా నీ కోసమే చూసింది."

అది సంచీ పట్టీని రెండు చేతులతో నలుపుతూ నిలబడింది. పైన మ్యాచ్ మళ్ళీ మొదలైంది, నలభై వేలమంది ఒక్కసారి అరిచారు, గోడ అదిరింది. ఆ అరుపు తగ్గేదాకా ఆగాను. తర్వాత లేచి నిలబడ్డాను. వీధిలో అందరి ముందూ అన్న మాట, అందరి ముందే తీసుకోవాలి.

"గిద్దా, ఆ రోజు నేను అన్నది తప్పు. ముందు 'చచ్చినా' అన్న ముక్క తీసేస్తున్నాను. తర్వాత మిగతాది కూడా. నువ్వు పొయ్యిలు లెక్కపెట్టావు. నాకు తెలీక కాదు, తెలుసుకోవాలని లేక అరిచాను. ఇంటికి రా."

"ఏ ఇంటికి?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

చెయ్యి పట్టుకుని నడిపించాను. మిల్లు, దర్జీ ఇల్లు, పంపు. వెనకే మావాళ్ళందరూ వచ్చారు. ఎదురొచ్చిన కాగితం ఏదో అడగబోయి, మా మొహాలు చూసి పక్కకి తప్పుకున్నాడు. ముప్పై ఏడో స్తంభం దగ్గర ఆగాం. నడవా ఖాళీగా ఉంది, జనమంతా పైన ఉన్నారు.

"లోపలికి రావే," అన్నాను.

గిద్ద తల వంచి లోపలికి వెళ్ళింది. నేను దాని వెనకే వెళ్ళాను. కళ్ళ నిండా నీళ్ళు, దారి మసకగా ఉంది, వంగాలన్న సంగతి మర్చిపోయాను.

ఠంగుమని నుదుటికి తగిలింది. కళ్ళు బైర్లు కమ్మి, స్తంభం పట్టుకుని నిలబడ్డాను. పైకి చూస్తే ఏమీ లేదు. వెనక మేస్త్రీ మామ గొంతు వినిపించింది, "కర్ర మీ నాన్నదే, నా కొలత కాదు," అని సన్నగా, వణుకుతూ. ఎవరూ నవ్వలేదు.

గిద్ద వెనక్కి తిరిగి వచ్చింది. సంచీలోంచి రుమాలు తీసి నాలుగు మడతలు పెట్టింది, నోటితో ఆవిరి ఊదింది, మునివేళ్ళ మీద లేచి నా నుదుటి మీద అదిమింది.

"చూసుకుని రావాలి కదే," అంది.

పుట్టి బుద్ధెరిగాక మా చెల్లి నన్ను 'అక్కా' అనడమే తప్ప ఏనాడూ 'ఏమే', 'కదే' అనలేదు.